జారవిడిచిన మాట

నవంబరు 4, మంగళవారం

ఉదయం వార్తల్లో చెప్పారు. సముద్రం అవతల ఒక రేవు పట్టణం మీద మన విమానాలు బాంబులు వేశాయి. అక్కడి గిడ్డంగుల్లో మనమీద వాడటానికి ఆయుధాలు దాచారని, అవి బూడిదయ్యాయని ప్రకటన. అంతే. చదివినవాడు రేపు ఎండ కాస్తుందని చెప్తున్నంత తీరిగ్గా చదివాడు.

పాలకని కిందికి దిగితే మందుల షాపాయన షట్టరు సగమే ఎత్తి నలుగురిని పోగేసుకున్నాడు. "టీచరమ్మా, విన్నారా? ఇన్నాళ్ళకి మనకీ వెన్నెముక ఉందని తెలిసింది." మన మిత్రదేశాలకు ముందుగా చెప్పలేదట, వాళ్ళు గుర్రుగా ఉన్నారట. "చెప్పి కొట్టడానికి ఇదేమన్నా పెళ్ళా, ఇంటింటికీ వెళ్ళి పిలవడానికి?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తడని తెలిసే చేశాను. వాడు పనిచేసేది రక్షణ శాఖలో, అదీ మిత్రదేశాల వ్యవహారాలు చూసే విభాగంలో. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు మరీ మామూలుగా ఉన్నాడు. మా కొత్త కర్టెన్లు బాగున్నాయన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు కర్టెన్ల వంక చూసిన పాపాన పోలేదు. అప్పుడే అనుమానం రావలసింది.

సాయంత్రం పొడుగాయన క్లాసుకు రాడనుకున్నాను. టైముకే వచ్చి, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర తల వంచి లోపలికి అడుగు పెట్టాడు. మిత్రదేశపు రాయబార కార్యాలయంలో సైనికాధికారి. రెండేళ్ళుగా మంగళ, శుక్రవారాల్లో నా దగ్గర మన భాష నేర్చుకుంటున్నాడు. ఆయన్ని నాకు అప్పజెప్పింది తమ్ముడే. "నమ్మకమైన మనిషి కావాలన్నారక్కా, నువ్వే గుర్తొచ్చావు" అన్నాడు అప్పట్లో.

కూర్చోగానే, "మీరు ఎందుకు కొట్టారు?" అన్నాడు పొడుగాయన.

"నేను దోమను కూడా కొట్టలేనండీ" అన్నాను. నవ్వలేదు.

ఆయన వెళ్ళాక కప్పులు కడుగుతుంటే తట్టింది. 'మనం', 'మేము' తేడా ఒంటబట్టడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది. పట్టిన దగ్గర్నుంచి మా రెండు దేశాల గురించి ఏం మాట్లాడినా 'మనం' అనేవాడు, నేర్చుకున్న ముచ్చట కొద్దీ. ఇవాళ ఒక్కసారీ 'మనం' అనలేదు.

వెళ్ళబోయే ముందు 'వివరణ'కీ 'సంజాయిషీ'కీ తేడా ఏమిటని అడిగాడు. చెప్పాను. వివరణ ఎవరైనా ఎవరినైనా అడగొచ్చు. సంజాయిషీ పైవాడు కిందివాణ్ణి అడుగుతాడు, ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది. శ్రద్ధగా విని, రెండు మాటలూ పెదాలతోనే పలికి చూసుకున్నాడు.

నవంబరు 6, గురువారం

పేపర్లో మొదటి పేజీ. రాయబార కార్యాలయం మన భాషలోనే ప్రకటన ఇచ్చింది. "మేము సంజాయిషీ అడగడం లేదు. మిత్రులుగా వివరణ కోరుతున్నాము."

ముందు గర్వంగా అనిపించింది. నా పాఠం మొదటి పేజీకెక్కింది. తర్వాత కాఫీ కప్పు పక్కన పెట్టేశాను. అంటే నా బల్ల ముందు కూర్చుని అడిగే ప్రతి ప్రశ్నా ఎక్కడికో పోతోందన్నమాట. పండ్ల పేర్లు, రంగుల పేర్లు అడిగినప్పుడు కూడానా?

మధ్యాహ్నం మన మంత్రిగారి జవాబు వచ్చింది. "మా రక్షణ మా సొంత విషయం. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన అగత్యం లేదు." వాళ్ళు అడగడం లేదన్నదాన్నే ఈయన ఇవ్వనన్నాడు.

నవంబరు 7, శుక్రవారం

మాట్లాడటం అలవాటు చేసేందుకు ఇవాళ 'స్నేహం' గురించి చెప్పమన్నాను. తెలివితక్కువ పని. లేదా తెలివైన పనే.

"స్నేహితుడు గొడవకు వెళ్తే నేను వెంట వెళ్తాను. కానీ ఏం గొడవో తెలియాలి కదా మేడమ్? రాళ్ళు నా మీద కూడా పడతాయి" అన్నాడు.

"నిజమైన స్నేహితుడు అడక్కుండా వస్తాడండీ."

"అడక్కుండా వచ్చేవాడు స్నేహితుడు కాదు. నౌకరు."

వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. అందుకే నాకు కోపం వచ్చిందనుకుంటాను.

నవంబరు 8, శనివారం

తమ్ముడు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "అలా నడిచొద్దాం రా అక్కా" అన్నాడు. వాడికి నడక అంటే చిన్నప్పటి నుంచీ ఒంటికి పడదు.

పార్కులో రెండు చుట్లు తిరిగేదాకా పొడుగాయన ఏమడుగుతున్నాడు, ఎలా అడుగుతున్నాడు అని ఆరా తీశాడు. అన్నీ చెప్పాను. సొంత తమ్ముడు, పైగా ప్రభుత్వం. చెప్పకపోతే తప్పు.

తర్వాత, "నువ్వొక సాయం చెయ్యాలి. క్లాసులో మాటల మధ్యలో, ఏదో నోరు జారినట్టు, ఆ ఆయుధాలు వాళ్ళ ఓడల కోసమేనని అనాలి" అన్నాడు.

"ఎవరి ఓడలు?"

"మీ పొడుగాయన దేశానివి. జలసంధిలో తిరుగుతుంటాయి కదా. గిడ్డంగుల్లో పెట్టిన రాకెట్లు వాటిని ముంచడానికే."

"అంత పెద్ద సంగతైతే మంత్రిగారే మైకు ముందు చెప్పొచ్చుగా?"

"చెప్తే సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది. ఇవాళ దీనికి చెప్పుకుంటే రేపు దగ్గినా తుమ్మినా చెప్పుకోవాలి. పైగా ఆధారాలు చూపించమంటారు."

"లేవా?"

"ఉన్నాయి. చూపించేవి కావు. మంత్రి చెప్తే వాళ్ళు నమ్మరక్కా. నువ్వు చెప్తే నమ్ముతారు. నువ్వు అబద్ధం చెప్పడం ఎవరూ ఎరగరు."

"నిజమేనా అది?"

"నీతో అబద్ధం చెప్తానా?"

ప్రశ్నకు ప్రశ్న జవాబుగా ఇచ్చాడని ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. అప్పుడు తట్టలేదు. చలిగా ఉంది, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, వాడు నా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. అమ్మ పోయాక వాడు నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదటిసారి.

నవంబరు 11, మంగళవారం

చెప్పలేదు. సందర్భం కుదరలేదు.

నవంబరు 12, బుధవారం

నిన్న సందర్భం కుదిరింది. నేనే దాటేశాను. డైరీలో కూడా బుకాయించడం ఎందుకు?

మెట్ల దగ్గర ఒకతను టెలిఫోను తీగలు సరిచేస్తున్నాడు. రెండు రోజులుగా అదే తీగ. "ఇంకెంతసేపు బాబూ?" అంటే, "లైను చూస్తున్నామమ్మా" అన్నాడు. ఈ పుస్తకం దాచే చోటు మార్చాను. ఎక్కడో ఇందులో రాస్తే మార్చినందుకు ఫలితం ఉండదు.

నవంబరు 14, శుక్రవారం

చెప్పాను.

చాలా తేలిగ్గా వచ్చేసింది. ఆయన కూతురి గురించి చెప్తున్నాడు. ఆ అమ్మాయి వాళ్ళ నౌకాదళంలో డాక్టరు. ఓడ ఇప్పుడు సొంత రేవులోనే ఉంది, కొత్త సంవత్సరానికి సెలవు దొరకొచ్చు అంటున్నాడు. నేను, "జాగ్రత్తగా ఉండమనండి. ఆ గిడ్డంగుల్లో ఉన్నవన్నీ మీ ఓడల కోసమే" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. నాలుక కరుచుకోమని తమ్ముడు చెప్పలేదు. అది నా సొంతం.

పొడుగాయన చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. "మీకు ఎలా తెలుసు?"

"నేనేమీ అనలేదు. మర్చిపోండి" అన్నాను. ఇంతకంటే బాగా ఎవరూ నమ్మించలేరు.

ఆ తర్వాత పాఠం సాగలేదు. ఆయన త్వరగా వెళ్ళిపోయాడు.

నిజమే చెప్పాను కదా, తప్పేముంది? ఒక దేశానికి ప్రమాదం తప్పించాను. ఆ దేశపు మనిషికే చెప్పాను.

నవంబరు 15, శనివారం

ఒక్క విషయం రాసి నిద్రపోతాను. మనం కళ్ళారా చూడనిది, ఎవరో చెప్తే విన్నది అయితే మాట చివర 'ట' పెట్టాలి. వచ్చాడట, అన్నాడట, ఉందట. ఇది నేను పొడుగాయనకు మొదటి సంవత్సరంలోనే నేర్పాను. 'ట' పెడితే బరువు చెప్పినవాడిది, పెట్టకపోతే బరువు మనది అని. నిన్న నేను 'మీ ఓడల కోసమేనట' అనలేదు.

మర్చిపోయాను. ముసలిదాన్నవుతున్నాను.

నవంబరు 18, మంగళవారం

పొడుగాయన చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వాడు. "మనం ముందే మాట్లాడుకుని ఉండాల్సింది మేడమ్" అన్నాడు. 'మనం' తిరిగి వచ్చింది.

వాళ్ళ ప్రభుత్వం మనసు మార్చుకుందట. మన విమానాలకు అండగా ఓడలు పంపుతోందట. ఇంకా బయటికి చెప్పలేదు గానీ నాకు చెప్తున్నాడు. నా మీద నమ్మకం.

"మా అమ్మాయి ఓడ కూడా వెళ్తోంది. మొదట నాకు ఇష్టం లేదు. ఇప్పుడు పర్వాలేదు. ఎందుకో తెలిసి పంపడం వేరు, తెలియక పంపడం వేరు. మీకు రుణపడ్డాను." 'రుణపడ్డాను' అన్నది సరిగ్గా పలికానా అని కూడా అడిగాడు. సరిగ్గానే పలికారన్నాను.



నవంబరు 20, గురువారం

మరదలు ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చింది. ల్యాబులో పనిచేస్తుంది, చేతులకింకా మందుల వాసన వస్తోంది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"వదినా, మీ తమ్ముడు నిద్రపోవట్లేదు. అడిగితే కసురుకుంటారు. పట్టుబట్టి అడిగితే చెప్పారులెండి. ఆ గిడ్డంగుల్లో ఆయుధాలేం లేవట. వాళ్ళ సేనాపతి ఒకడు అక్కడ దాక్కున్నాడట. వాడి కోసం కొట్టారట. ఎవరికీ చెప్పొద్దన్నారు. మీరు పరాయివాళ్ళా ఏంటి?"

నేను స్టవ్ వైపు తిరిగి, "అవును, నాకూ అదే చెప్పాడు" అన్నాను.

ఎందుకలా అన్నానో తెలీదు. తమ్ముడి పరువు కాపాడటానికి అనుకుంటాను. లేదా అబద్ధమాడటం నాకు అలవాటైపోతోంది.

మరదలు వెళ్ళాక రేడియో పెట్టాను. పరాయి దేశపు స్టేషన్ ఒకటి ఆ గిడ్డంగుల్లో సిమెంటు బస్తాలు మాత్రమే ఉన్నాయని, బస్తాలు మోసేవాళ్ళు లోపలే పడుకుని ఉన్నారని చెప్పింది. వాళ్ళు అలాగే చెప్తారు. కట్టేశాను. మళ్ళీ పెట్టాను. అప్పటికి సంగీతం వస్తోంది.

నవంబరు 22, శనివారం

తమ్ముడి ఆఫీసుకు వెళ్ళాను. శనివారం కూడా పనిచేస్తున్నారు. సందర్శకుల గదిలో కుర్చీలన్నీ నేలకు బిగించి ఉన్నాయి, ఎవరూ ఎవరి వైపూ జరగడానికి లేకుండా. మూలన ప్లాస్టిక్ పూలు, వాటి మీద దుమ్ము. ప్లాస్టిక్ పూలకు నీళ్ళెవరు పోస్తారో గానీ కుండీలో నీళ్ళున్నాయి.

తమ్ముడు నన్ను చూడగానే, ఒక్క మాట కూడా మాట్లాడనివ్వకుండా కార్లు ఆపే చోటికి తీసుకెళ్ళాడు.

"ఓడల కోసం ఆయుధాలా, సేనాపతా? ఏది నిజం?"

"రెండూ అయ్యుండొచ్చు."

"మరదలికొకటి, నాకొకటి చెప్పావు. మందుల షాపాయనకి ఏం చెప్తావు?"

వాడు కారు బానెట్‌కు ఆనుకున్నాడు. చొక్కా ఇస్త్రీ లేదు. "అక్కా, ఆ గిడ్డంగి నేను చూశానా? నాకు పైవాళ్ళు చెప్పారు, నీకు చెప్పాను. సేనాపతి సంగతి ఇంకో ఆయన చెప్పాడు. ఆ పూట అదే నిజమనిపించింది. ఇంట్లో పెళ్ళాం నిలదీస్తుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

"నీతో అబద్ధం చెప్తానా అన్నావు."

"అబద్ధం అని నాకేం తెలుసు? నిజమని కూడా తెలీదనుకో."

"పొడుగాయన కూతురు ఆ ఓడలో వెళ్తోందిరా."

"తెలుసు" అన్నాడు.

అన్నాక వాడికే అర్థమైంది. ఆ సంగతి నేను వాడికి చెప్పలేదు. మరదలికీ చెప్పలేదు. నా క్లాసు గదిలో పొడుగాయన నాకు చెప్పిన మాట అది.

"నీకెలా తెలుసు?"

వాడు తాళాలు చేతిలో ఆడిస్తూ ఉండిపోయాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి లైటు దించి చూశాను. బల్ల కింద తడిమాను. టెలిఫోను విప్పడానికి స్క్రూడ్రైవర్ లేదు, కత్తితో ప్రయత్నించి వేలు కోసుకున్నాను. ఏమీ దొరకలేదు. దొరికినా బాగుండేది.

నవంబరు 23, ఆదివారం

తమ్ముడు భోజనానికి రాలేదు. నేను పిలవలేదు.

నవంబరు 24, సోమవారం

లెక్కలు వేసుకుంటున్నాను. చెప్తే తమ్ముడి ఉద్యోగం పోతుంది. జైలు కూడా కావచ్చు. చెప్పకపోతే ఆ అమ్మాయి ఓడ ఎక్కడికో పోయి దేనికో నిలబడుతుంది. అక్కడ నిజంగా రాకెట్లు ఉండి ఉంటే ఆ అమ్మాయి వెళ్ళడమే న్యాయం. ఉన్నాయో లేవో తెలీదు. తెలీనప్పుడు నోరు మూసుకోవాలి. ఆ పని పద్నాలుగో తేదీన చెయ్యాల్సింది.

మందుల షాపాయన నా వేలు చూసి, "ఏంటమ్మా, యుద్ధానికి వెళ్ళొచ్చారా?" అన్నాడు.

నవంబరు 25, మంగళవారం

"ఇవాళ పాఠం బయట" అన్నాను. పొడుగాయన వింతగా చూసి కోటు వేసుకున్నాడు. పార్కులో చెరువు వైపు బెంచీ మీద కూర్చున్నాం. చలికి జనం లేరు. దూరంగా ఒకామె కుక్కను తిప్పుతోంది. ఆమెను కూడా అనుమానంగానే చూశాను.

"ఓడల గురించి నేను చెప్పిన మాట నాకు తెలిసి చెప్పింది కాదు. మా తమ్ముడు మీతో చెప్పమన్నాడు."

ఆయన చెరువు వైపు తిరిగాడు. "మీరు 'ట' అనలేదు" అన్నాడు. "నేను ఆ మాటే మా వాళ్ళకు చెప్పాను. ఈవిడ భాష టీచరు, విన్నదైతే 'ట' అంటుంది, 'ట' అనలేదు, కాబట్టి ఈవిడకు స్వయంగా తెలుసు, తమ్ముడి దగ్గర కాగితాలు చూసి ఉంటుంది అని చెప్పాను."

నేను నేర్పిన పాఠాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్నవాడు లేడు.

"మీ తమ్ముడికి అది అబద్ధమని తెలుసా?"

"తెలీదు. నిజమని కూడా తెలీదు. వాడికి పైవాళ్ళు చెప్పారట."

"ఇప్పుడు అన్నారు 'ట'" అన్నాడు. నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి నా ముందు నిలబడితే ఆకాశం కనిపించలేదు. "మేడమ్, ఇప్పుడు చెప్పింది కూడా ఎవరైనా చెప్పమన్నారా?"

లేదన్నాను. ఒట్టు వేశాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నన్ను ఎలా నమ్మాలి? నేను చూపించగలిగింది ఏముంది? మంత్రిగారిని వివరణ కోరినప్పుడు ఆయనకు కూడా ఇలాగే ఉండి ఉంటుందా? ఉండదులే.

"ఓడలు నిన్ననే బయలుదేరాయి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నవంబరు 26, బుధవారం

ఏమీ లేదు.

నవంబరు 28, శుక్రవారం

క్లాసు సమయానికి బల్ల తుడిచి కూర్చున్నాను. రాలేదు. వార్తల్లో మాత్రం వచ్చింది. వాళ్ళ ఓడలు నడి సముద్రంలో ఆగిపోయాయి. గిడ్డంగుల్లో ఏముందో రుజువు చూపిస్తేనే కదులుతాయి. పైగా, ఒక అబద్ధపు సమాచారం తమకు అనధికారంగా చేరిందని, అది ఎవరి పనో తేల్చమని అడిగారు.

మందుల షాపాయన మండిపడుతున్నాడు. "పక్కన నిలబడతామని చెప్పి సగం దారిలో లెక్కలడిగేవాళ్ళు మిత్రులా? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనేవాళ్ళే మిత్రులు!" ఆ సామెత మెచ్చుకోవడానికి పనికొచ్చేది కాదని ఆయనకు చెప్పలేదు.

డిసెంబరు 1, సోమవారం

బూడిద రంగు కోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. బూట్లు బయటే విప్పాడు. విచారణ ఉంటుందని, మిత్రదేశం తరఫున ఒకరు కూర్చుంటారని చెప్పాడు.

"మీరేం కంగారుపడకండి. ఏదో చాదస్తం కొద్దీ, అక్కడా ఇక్కడా విన్నది కలిపి అన్నాను అని చెప్పండి. మీ వయసులో ఉన్నవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. వ్యవహారం అక్కడితో సర్దుమణుగుతుంది. మన ప్రభుత్వం ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు."

"మా తమ్ముడు?"

"ఆయన కూడా అలాగే చెప్తానన్నారు. మా అక్కకు నోటికి అదుపు లేదు అని." అదేదో శుభవార్తలా చెప్పాడు.

ఆయన వెళ్ళగానే తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మరదలికి చేశాను. "ఆయన మీతో మాట్లాడకూడదట వదినా" అంది. గొంతులో ఏడుపు ఉంది. నటన కూడా కావచ్చు. ఏం మనిషినయ్యాను నేను!

నోటికి అదుపు లేదట. వాడు అనగలడు. కర్టెన్లు మెచ్చుకున్నవాడు ఏమైనా అనగలడు.

డిసెంబరు 4, గురువారం

ముందు నన్ను పిలిచారు. పొడవాటి గది, మన వాళ్ళు ఇద్దరు, పొడుగాయన దేశం నుంచి ఒకావిడ. పొడుగాయన లేడు. నీళ్ళ గ్లాసు నా చేతికి అందనంత దూరంలో పెట్టారు.

ఆ ఇద్దరిలో ఒకరైన బూడిద రంగు కోటాయన నా తరఫున తనే మొదలుపెట్టాడు. "వీరు పెద్దవారు, మాట తూలడం సహజం."

"నేను మాట తూలలేదండీ. చెప్పమంటే చెప్పాను" అన్నాను. "మా తమ్ముడు చెప్పమన్నాడు. చెప్పింది నేను. నిజమో కాదో అడిగాను, గట్టిగా అడగలేదు. నమ్మితే పని తేలికవుతుందని నమ్మాను."

ఆవిడ రాసుకుంది. మన వాళ్ళిద్దరూ రాసుకోలేదు.

బయటికొస్తే వసారాలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నాడు, మెడ దగ్గర దూది. నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. ఇద్దరం తలెత్తలేదు. వెళ్ళిపోదామనుకున్నాను. కానీ వాడు నా గురించి ఏం చెప్తాడో ఆ తలుపు బయట నిలబడైనా తెలుసుకోవాలనిపించింది. తలుపు మందంగా ఉంది, ఏమీ వినపడలేదు.

అరగంట తర్వాత వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఏం చెప్పావు?" అన్నాడు.

"జరిగింది చెప్పాను. నువ్వు చెప్పమన్నావని చెప్పాను. ఏమనుకుంటావో అనుకో."

వాడు నా వైపు తిరిగాడు. "నేనూ అదే చెప్పాను. అక్కకు తెలీదు, నేనే పంపాను, నన్ను పంపింది ఫలానా వాళ్ళు అని. నువ్వు అంతా నీ మీద వేసుకుంటావని ఈ విచారణవాళ్ళు చెప్పారు. ఒప్పేసుకున్నావన్నారు."

"నాకు నోటికి అదుపు లేదని నువ్వు చెప్పావన్నారు."

"నేనెందుకంటాను?" అని, మెడ దగ్గరి దూది సర్దుకుంటూ, "చిన్నప్పుడు అనేవాణ్ణి" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ వసారాలో అలా నవ్వకూడదు. గార్డు చూశాడు. వాడు ముఖం చేతుల్లో దాచుకున్నాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. నేను వీపు నిమిరాను. మూడు రోజులుగా వాణ్ణి ఎన్ని మాటలనుకున్నానో వాడికి ఎప్పటికీ చెప్పను. వాడు నన్నెన్ని అనుకున్నాడో అడగను.

డిసెంబరు 6, శనివారం

ప్రభుత్వ ప్రకటన: ఒక ఉద్యోగి సొంత చొరవతో చేసిన పని, ప్రభుత్వానికి దానితో సంబంధం లేదు. గిడ్డంగుల ప్రస్తావన లేదు. తమ్ముణ్ణి సస్పెండ్ చేశారు. వాడు పేర్లు చెప్పిన 'ఫలానా వాళ్ళు' మాత్రం ప్రకటనలో ఎక్కడా లేరు. మిత్రదేశపు ఓడలు వెనక్కి మళ్ళాయి. అందరూ క్షేమమట.

గిడ్డంగుల్లో ఏముందో ఎవరూ చెప్పలేదు. సిమెంటు బస్తాల మధ్య పడుకున్నవాళ్ళు ఉన్నారో లేరో, ఉంటే ఎంతమందో కూడా చెప్పలేదు. మందుల షాపాయన నన్ను చూసి షాపు లోపలికి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 7, ఆదివారం

తమ్ముడూ మరదలూ భోజనానికి వచ్చారు. వాడు తిని క్లాసు గదిలో చాప మీద పడి నిద్రపోయాడు. మరదలు గిన్నెలు తుడుస్తూ అంది. "ఇకనుంచి ఏదైనా చెప్తే ఎవరు చెప్పారో కూడా చెప్పండి అన్నాను వదినా. అంత రాద్ధాంతం దేనికి అన్నారు. మళ్ళీ ఆయనే, సరేలే అన్నారు."

"నాతోనూ నువ్వలాగే ఉండు" అన్నాను. "ఆ రోజు, నాకూ అదే చెప్పాడన్నాను చూడు. అది అబద్ధం."

"తెలుసు" అంది. "మీరు స్టవ్ వైపు తిరిగారు కదా. వెలిగించి లేదు."

డిసెంబరు 9, మంగళవారం

బెల్లు మోగింది. పొడుగాయన. లోపలికి రమ్మన్నాను, రాలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు కాబట్టి తల వంచలేదు. రెండేళ్ళలో ఈ గుమ్మం దగ్గర ఆయన ముఖం ఇంత ఎత్తున చూడటం ఇదే మొదటిసారి. బాగా అలిసిపోయి ఉన్నాడు.

"నన్ను వెనక్కి పిలిచారు. రేపు వెళ్తున్నాను. మా అమ్మాయి ఇంటికి చేరింది."

"మంచిది. మీ ఉద్యోగం?"

"వెళ్ళాక తెలుస్తుంది. నమ్మకూడనివాళ్ళను నమ్మానని అంటున్నారు."

నేను తల దించుకున్నాను. కింద ఎవరో తలుపు వేసుకున్న చప్పుడైంది. ఇద్దరం అటు చూసి, మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన గొంతు తగ్గించలేదు.

"చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నాను. కానీ మీరు ఆ రోజు పార్కుకు తీసుకెళ్ళారు. తీసుకెళ్ళకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అందుకని వచ్చాను." మాటల కోసం వెతుక్కున్నాడు. నేను అందించలేదు. "మిమ్మల్ని క్షమించాలని ఉంది మేడమ్. ఇంకా రావడం లేదు."

"తొందరేం లేదండీ" అన్నాను. "వచ్చినప్పుడే రానివ్వండి. రాకపోయినా నేనేమీ అనుకోను."

తల ఊపి మెట్లు దిగాడు. కింది అంతస్తు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టనిపించింది, నా వైపు చూడటానికో, చేతి తొడుగులు వేసుకోవడానికో. వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా నేను లోపలికి రాలేదు.